కడిగిన చెత్త

గాజు సీసాలు కిటికీ పక్కన వరసగా ఉన్నాయి. ఒక్కో సీసాలో ఒక్కో రంగు మూతలు. అన్నీ సముద్రపొడ్డున పిల్లలు ఏరుకొచ్చినవే: కూల్‌డ్రింకు సీసాలవి, నీళ్ల బాటిళ్లవి, నూనె డబ్బాలవి. నీలం మూతలు అడుగున నాలుగు వేళ్ల మందాన ఉన్నాయి. తెల్లవి సగానికి కాస్త కింద. పచ్చవి ఉన్నాయంటే ఉన్నాయి. నారింజ రంగు మూతలు మాత్రం ఒక సీసా నిండి, రెండోది నిండి, మూడోదాంట్లో మెడదాకా వచ్చి ఆగాయి.

హెడ్మాస్టరు చేతులు వెనక్కి కట్టుకుని ఆ వరస ముందు ఇటు నుంచి అటు నడిచాడు. మళ్లీ అటు నుంచి ఇటు వచ్చి నారింజ సీసాల దగ్గర ఆగాడు.

“బావుంది టీచరమ్మా. పిల్లలు బాగా కష్టపడ్డారు. అయితే... కాస్త ఒకవైపుకే మొగ్గినట్టు లేదూ?”

“ఒక రంగువే ఎక్కువ దొరికాయి సార్,” అంది సైన్సు టీచరు. ఆమె బల్ల మీద చిందిన జిగురును పాత బ్లేడుతో గీకుతోంది.

“దొరుకుతాయి. దొరకవని నేననడం లేదు. శుక్రవారం వచ్చేది ఆ నారింజ మూతల కంపెనీ వాళ్లే కదా! పిలిచి మరీ మొహం మీద కొట్టినట్టుంటుంది. అన్నిట్లోకీ కాస్త కాస్త సర్దేయండి. సమానంగా ఉంటాయి, చూడ్డానికి కూడా రంగురంగులుగా ముచ్చటగా ఉంటాయి.”

“సర్దితే ఎలా సార్?”

గొంతు బల్ల కింద నుంచి వచ్చింది. హెడ్మాస్టరు ఉలిక్కిపడి వంగి చూశాడు. ఇనుప తీగతో మనిషంత చేప అస్థిపంజరం కడుతున్న పిల్ల, ఒక చేతిలో పటకారుతో, మోకాళ్ల మీద పాకుతూ బయటికొచ్చింది. తొమ్మిదో తరగతి. బళ్లో అందరూ ‘పీత’ అంటారు. ఒక మాట డెక్కలో చిక్కిందంటే ఇక వదలదని.

“ఏ రంగువి ఎక్కువ దొరికాయో తెలియాలనే కదా సార్ విడివిడిగా పోసింది? కలిపేస్తే ఇవి ఉట్టి మూతలు.”

“ఉట్టి మూతలే కదమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు నవ్వుతూ. “బంగారమా ఏమిటి?” పీత నవ్వలేదు. ఆయన నవ్వు కూడా ఎక్కడో ఆగిపోయింది. గోడకి ఆనించి ఉన్న బూజుకర్ర తీసుకుని పైన రేకుల మీద తట్టాడు. తుప్పు పొడిలా రాలింది. “ఇది చూడండి. వాన పడ్డప్పుడు బకెట్ల మధ్య నిలబడి పాఠం చెప్పేది మీరే. కొత్త లాబ్ కట్టిస్తామంటున్నారు వాళ్లు. పైన స్లాబు, లోపల మైక్రోస్కోపులు, పెద్ద అక్వేరియం. నా సర్వీసులో ఈ బడికి ఏదైనా చేస్తామని నోరు తెరిచి అన్నది వీళ్లొక్కళ్లే టీచరమ్మా. నేను వద్దనగలనా?”

ఆమె బ్లేడు అంచున పేరుకున్న జిగురు తుడిచింది.

“ఇంకొకటి.” ఆయన గొంతు తగ్గించాడు, పిల్ల అక్కడే ఉందని గుర్తొచ్చినట్టు. “మీ కాంట్రాక్టు పొడిగింపు సంగతి బడి కమిటీ ముందుంది. ఆ కంపెనీ మేనేజరుగారు ఈ ఏడు కమిటీలో ఉన్నారు. ఇంతకంటే నేను చెప్పకూడదు.”

ఆయన వెళ్లాక పీత పటకారు బల్ల మీద పెట్టి, తుప్పు అంటిన చేతులు గౌనుకి తుడుచుకుంది.

“సర్దం కదా టీచర్?”

“నువ్వింటికి వెళ్లు. మీ అమ్మ ఎదురుచూస్తూంటుంది.”

“సర్దం కదా?”

“వెళ్లమన్నానా!”

పీత సంచీ భుజాన వేసుకుని వెళ్లింది. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. ఆ చెప్పుల చప్పుడు వరండా దాటేదాకా ఆగి, టీచరు తన టీ కప్పు తీసుకుంది. నారింజ సీసా మూత తిప్పి కప్పు ముంచింది. మూతలు నీలం వాటి మీద గలగలమంటూ పడ్డాయి. ఇంకో కప్పు తెల్లవాటిలోకి, ఇంకొకటి పచ్చవాటిలోకి. చేతులు ఇంట్లో పప్పులు సర్దుతున్నంత మామూలుగా ఆ పని చేసుకుపోయాయి. చివరికి సీసాలన్నీ ఒకే ఎత్తుకు వచ్చాయి. నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. ఆమె కప్పు కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. తాళం వేసుకుని ఇంటికి వెళ్లింది.

*

తీరం పాఠం ఎప్పుడూ మూడు ప్రశ్నలతో మొదలవుతుంది. ఈ అలవాటు ఆమే పెట్టింది. ఇసుకలో ఏదైనా దొరికితే వెంటనే సంచీలో వేసెయ్యకూడదు. ముందు చేత్తో పట్టుకుని అడగాలి.

“ఏం అడగాలి?” అంది మర్నాడు, హాజరు పిలవడం అయ్యాక.

“ఏమిటిది?” అంది క్లాసంతా.

“తర్వాత?”

“ఎక్కడ దొరికింది?”

“తర్వాత?”

“ఎవరిది?” మూడోది ఎప్పుడూ పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. ఇవాళా అరిచారు. కిటికీ పక్క బెంచీలో మాత్రం ఒక నోరు కదల్లేదు. పీత సీసాల వైపు చూస్తూ కూర్చుంది.

టీచరు బోర్డు వైపు తిరిగింది. ప్లాస్టిక్కు ఎండకీ ఉప్పుకీ ఎలా పెళుసెక్కి ముక్కలవుతుందో, ఆ ముక్కలు చేప కడుపులోకి ఎలా వెళతాయో బొమ్మ వేసింది. చాక్‌పీసు ఆ రోజు మాటిమాటికీ విరిగింది.

“మీరే పోశారా టీచర్?”

ఆమె వెనక్కి తిరిగింది. క్లాసు మొత్తం సీసాల వైపు చూసింది, తర్వాత ఆమె వైపు.

పీత అడిగిన తీరులో కోపం లేదు. తరగతిలో సందేహం అడిగినట్టే అడిగింది. అదే ఆమెకి తట్టుకోలేనట్టయింది.

“ఆ,” అంది.

“మేం తప్పు ఏరామా?”

“లేదు.”

“తప్పు పోశామా?”

“లేదమ్మా.”

“మరి?”

ప్యూను గుమ్మంలోంచి దగ్గాడు. అతని దగ్గు ఎప్పుడూ ఆమెకి చిరాకు, ఇవాళ మాత్రం ఊపిరి పీల్చుకుంది. అతను హెడ్మాస్టరు పంపిన నోటీసు తెచ్చాడు, తనే చదవడం మొదలుపెట్టాడు, చదివే అవకాశం వస్తే అతను వదులుకోడు. శుక్రవారం సముద్రతీర పరిశుభ్రతా కార్యక్రమం. ప్రతి విద్యార్థీ ఇంటి నుంచి కొంత చెత్త తీసుకురావలెను.

“చెత్త తీసుకురావాలా?” అంది ముందు బెంచీ.

“ఆగు, ఇంకా ఉంది. చెత్త శుభ్రంగా కడిగి, ఆరబెట్టినదై ఉండవలెను. వాసన ఉండరాదు. పదును ఉండరాదు. ముఖ్య గమనిక: అతిథి కంపెనీ వారి బాటిళ్లు అయినచో లేబుళ్లు, మూతలు తీసివేసి తీసుకురావలెను.”

క్లాసు పగలబడి నవ్వింది. ప్యూను కూడా నవ్వాడు, తర్వాత నవ్వకూడదని గుర్తొచ్చి కాగితం మడిచాడు.

“ఇదేమిటయ్యా?” అంది టీచరు.

“ఏం చెయ్యమంటారు మేడమ్? కార్లు ఒడ్డుదాకా రావాలని గురువారం మునిసిపాలిటీ వాళ్లు తీరమంతా ఊడ్చేస్తున్నారు. అద్దంలా చేసేస్తారంట. మరి శుక్రవారం పిల్లలు ఏరడానికి చెత్తేదీ? మనమే పోసుకోవాలిగా!” అన్నాడతను, ఇందులో అర్థం కానిదేముందన్నట్టు.

*

పిల్లలు బుధవారానికే తెచ్చేశారు. సగం మంది లేబుళ్లు తియ్యలేదు. కొందరి అమ్మలు, టీచర్నే చేసుకోమను, మాకు వేరే పనుల్లేవా అని కబురు కూడా పంపారు. టీచరు రెండు గోనెసంచుల బాటిళ్లు రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

అత్తగారు వాకిట్లో బియ్యం ఏరుతూ తలెత్తింది. “ఏమిటే అమ్మాయ్ అవి? జీతం బదులు ఇచ్చారా?”

“చెత్త అత్తయ్యా. కడగాలి.”

“ఏం కడగాలి?”

“చెత్త.”

అత్తగారు చేట పక్కన పెట్టింది. కోడలి మొహం చూసింది, సంచులు చూసింది. “ఉండు. నా చెవులు బాగానే ఉన్నాయా? చెత్త కడగాలా?”

“కడిగి ఎల్లుండి ఒడ్డున పోస్తాం. పిల్లలు ఏరతారు. ఫోటోలు తీస్తారు.”

“పోసిందీ వాళ్లే, ఏరేదీ వాళ్లే!” ముసలామె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో గిన్నెలు కడిగాను, పిల్లల ముడ్లు కడిగాను, మీ మామగారు తాగొచ్చి కక్కుకుంటే అరుగు కడిగాను. చెత్తకి తలంటుపోసే యోగం మాత్రం ఇప్పటికి పట్టింది. పద, వేణ్ణీళ్లు పెట్టు.”

పెరట్లో పెద్ద తొట్టె నింపారు. లేబుల్ జిగురు చన్నీళ్లకి లొంగదు, వేడినీళ్లలో నానితే అంచు లేస్తుంది. అక్కడ గోరు దూర్చి నెమ్మదిగా లాగాలి. తొందరపడితే చిరుగుతుంది. ఇద్దరూ పీటలు వేసుకుని తొట్టెకి చెరోవైపు కూర్చున్నారు. లేబుళ్లు ఊడి నీళ్లలో తేలాయి, నారింజ రంగువి, నున్నగా మెరుస్తూ. కాసేపటికి తొట్టెలో నీళ్లు కనిపించడం మానేశాయి.

ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే భర్త డ్యూటీ దిగి వచ్చి, సైకిలు గోడకి ఆనించి, తడిలో కాలు పెట్టకుండా నిలబడ్డాడు.

“అన్నీ ఒక కంపెనీవేనా?”

“కాదు. ఆ కంపెనీవే తియ్యాలి. మిగతావి ఉంచొచ్చు,” అంది ఆమె.

“ఎందుకు?”

“వాళ్లవి ఒడ్డున కనపడకూడదట.”

అతను తొట్టెలోకి ఓసారి తొంగిచూశాడు. “సరేలే. ఏదో చేసెయ్యి. పొడిగింపు కాగితం వచ్చేదాకా నోరు మూసుకుంటే మన సొమ్మేం పోతుంది?”

“నా కోడలు నోరెప్పుడు తెరిచిందిరా?” అంది అత్తగారు బాటిలు మీద నుంచి చూపు తిప్పకుండా. “తెరిచుంటే నీతో ఇన్నేళ్లు కాపురం చేసేదా?”

అతను లోపలికి వెళ్లిపోయాడు. ఆడవాళ్లిద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో టీచరు చేతిలో బాటిలు కింద పెట్టింది. తడి చేతి మణికట్టుతో కళ్లు ఒత్తుకుంది.

“ఏమైంది?”

“మొన్న నేనో పని చేశాను అత్తయ్యా. పిల్లలు ఏరి పోసుకున్న మూతల్ని కలిపేశాను. హెడ్మాస్టరు చెయ్యమన్నాడు, నేను చేశాను. ఒక పిల్ల, మేం తప్పు పోశామా టీచర్ అని అడిగింది.”

“ఏం చెప్పావు?”

“చెప్పడానికేముంది?”

అత్తగారు ఇంకో లేబులు అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చిరగకుండా మొత్తం లాగింది. దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. “కలిపినవాళ్లకి విడదీయడం రాదా?” అంది.

కడిగిన బాటిళ్లు బోర్లించి, నీళ్లు పారబోయబోతుంటే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. “ఇవెందుకు పారేస్తావు? మంచి రంగు.” ఆమెకి ఏదీ పారేసే అలవాటు లేదు. ఖాళీ పొట్లాల కాగితాలు కూడా చేత్తో సాపు చేసి దాచుకుంటుంది. లేబుళ్లన్నీ బట్టల తీగ మీద ఒకదాని మీద ఒకటి కాస్త కాస్త ఎక్కేలా వేసుకుంటూ పోయింది, చోటు చాలదని.

తెల్లారాక టీచరు పెరటి తలుపు తీసింది. గాలికి తీగ ఊగుతోంది. ఆరిన లేబుళ్లు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా లేచి, పడుకుని, ఎండ తగిలి తళుక్కుమన్నాయి. ఆమె ముఖం కడుక్కోకుండానే చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత లోపలికెళ్లి పిండి జల్లెడ పట్టే పెద్ద పళ్లెం తెచ్చి, ఒక్కొక్కటే నలక్కుండా తీసి అందులో పేర్చింది.

“చూశావా, పనికొచ్చాయి,” అంది వెనక నుంచి అత్తగారు, దేనికో అడక్కుండా.

*

గురువారం బడి అయ్యాక లాబ్‌లో పీత, ఇంకో నలుగురు ఆడపిల్లలు మిగిలారు. తీగ చేప బల్లల మధ్య నోరు తెరుచుకుని నిలబడి ఉంది. దానికి రంగురంగుల ప్లాస్టిక్కు ముక్కలు అతికించాలని మొదట్లో అనుకున్నది. శుక్రవారం గుడ్డ కప్పి ఒడ్డుకి మోసుకెళ్లాలి. ముఖ్య అతిథి గుడ్డ లాగుతాడు.

టీచరు తలుపు దగ్గరికి వేసి, సీసాల దగ్గరికి నడిచి, మొదటిదాన్ని ఎత్తి బల్ల మీద బోర్లించింది. తర్వాత రెండోది. మూతలు బల్లంతా దొర్లి కింద కూడా పడ్డాయి. పిల్లలు బిత్తరపోయి చూశారు.

“ముందు ఇవి విడదీయండి,” అంది. “ఎలా ఉన్నవి అలా.”

పీత కదల్లేదు. “సారు చూస్తే?”

“చూడాలనే.”

పీత ఆమె మొహంలోకి చూసి, ఇంకేం అడక్కుండా మోకాళ్ల మీద కూర్చుని, దొర్లిపోయిన మూతలు ఏరడం మొదలెట్టింది. నారింజవి మొదటి సీసాలో పడ్డాయి. నిండింది. రెండోది నిండింది.

అప్పుడు టీచరు సంచీలోంచి పళ్లెం తీసింది. మీద కప్పిన తువ్వాలు తొలగించింది. “చేపకి పొలుసులు ఇవి.”

ఒక పిల్ల లేబులు తీసి అటూ ఇటూ తిప్పి, పేరు చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “టీచర్! ఇవి తీసెయ్యమన్నారు కదా?”

“తీసేశాంగా. బాటిళ్ల మీద ఒక్కటి కూడా లేదు.”

ముందు పీత నవ్వింది. తర్వాత అందరూ. నవ్వుతూనే జిగురు కలిపారు. తోక నుంచి మొదలుపెట్టాలని, ఒక వరస అంచు మీదికి ఇంకో వరస రావాలని, అప్పుడే నిజం పొలుసుల్లా ఉంటాయని పీత చెప్పింది. ఆ పిల్ల వేళ్లు చకచకా పనిచేశాయి. టీచరు కూడా కొంగు బిగించి పొట్ట కింద భాగం అందుకుంది. అక్కడికి చేరాలంటే నేల మీద పడుకోవాలి.

“టీచర్,” అంది పీత, తీగల మధ్య నుంచి. “రేపెవరైనా అడిగితే?”

“నేనే చెప్పానని చెప్పండి.”

“మీరు చెప్పింది పొలుసుల సంగతే. అతికించింది మేం.”

“అడిగితే నా పేరు చెప్పమంటున్నాను.”

“సారు ఆ రోజు పొడిగింపని ఏదో అన్నారు. నాకు వినపడింది. మిమ్మల్ని తీసేస్తారా?”

టీచరు ఒక లేబులు వెనక జిగురు రాసి, అద్దింది. వేలు ఎత్తకుండా కాసేపు నొక్కి పట్టుకుంది. “తీసేస్తే తీసెయ్యనీ. నన్ను తీసేసినంత మాత్రాన మూతలు తగ్గవుగా.”

*

శుక్రవారం ఒడ్డు నిజంగానే అద్దంలా ఉంది. చీపుళ్ల గీతలు ఇసుక మీద దువ్విన జుట్టులా ఉన్నాయి. మురుగుకాలవ సముద్రంలో కలిసే చోటుకి అడ్డంగా షామియానా గుడ్డ కట్టేశారు, అటు చూడక్కర్లేకుండా. ప్యూను ప్యాంటు మడిచి, చంకలో బుట్ట పెట్టుకుని, విత్తనాలు చల్లినట్టు కడిగిన బాటిళ్లు చల్లుకుంటూ నడుస్తున్నాడు.

“అంత దగ్గర దగ్గరగా వద్దయ్యా!” అని అరుస్తున్నాడు హెడ్మాస్టరు. “సహజంగా ఉండాలి!”

పిల్లలకి నారింజ రంగు టోపీలు పంచారు. కార్లు వచ్చి ఆగే సమయానికి గాలి లేచింది. ఖాళీ బాటిళ్లకి బరువెంతని! ముందు ఒకటి దొర్లింది, తర్వాత పది, తర్వాత ఒడ్డు ఒడ్డంతా లేచి నీళ్ల వైపు పరుగుతీసింది. ప్యూను బుట్ట వదిలేసి వాటి వెంట పడ్డాడు. పిల్లలు కేకలు పెడుతూ మోకాళ్లలోతు నీళ్లలోకి దిగారు. కొన్ని దొరికాయి. కొన్ని కెరటం అవతలికి వెళ్లి, తెల్లగా, శుభ్రంగా ఊగుతూ పోయాయి.

కంపెనీ మేనేజరు కారు దిగుతూనే ఆ దృశ్యం చూసి మురిసిపోయాడు. “అబ్బ! ఏం ఉత్సాహం! తీయండి, తీయండి,” అన్నాడు ఫోటోగ్రాఫర్లతో. అతను పాతికేళ్ల కుర్రాడిలా కనిపించే మనిషి. మాట మెత్తన. ఒక బాటిలు తీసి సంచీలో వేశాడు. ఫోటో సరిగ్గా రాలేదంటే అదే బాటిలు బయటికి తీసి మళ్లీ వేశాడు.

ప్రసంగాలయ్యాయి. ఒడ్డుకే తెచ్చి పెట్టిన లాబ్ పునాదిరాయి మీద పూలు చల్లారు. చివరికి చేప ముందుకి వచ్చారు. పక్కనే బల్ల మీద మూతల సీసాలు, వాటికీ గుడ్డ కప్పి ఉంది. మేనేజరు ఒకే ఊపున రెండు గుడ్డలూ లాగేశాడు.

ఎండ పొలుసుల మీద పడింది. మనిషి ఎత్తు చేప, తోక నుంచి మొప్పల దాకా నారింజ రంగులో భగ్గుమంది. జనంలోంచి ‘ఆహా’ అని వినిపించింది.

“మా రంగులు!” అన్నాడు మేనేజరు. అతని మొహం వెలిగిపోయింది. “హెడ్మాస్టరుగారూ, ఇంత అభిమానమా? నేను ఊహించలేదండీ!” చేప మెడ చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డాడు. ఫోటోలు టపటపా పడ్డాయి. హెడ్మాస్టరు నవ్వలేక, నవ్వకుండా ఉండలేక పక్కనే నిలబడ్డాడు. ఆయన చూపు సీసాల మీద పడింది. నారింజ మూతల సీసాలు మూడూ మళ్లీ మెడదాకా నిండి ఉన్నాయి.

“ఎవరు చేశారమ్మా ఇది?” అన్నాడు మేనేజరు. “దేనితో చేశారు?”

పీత ఒకడుగు ముందుకొచ్చింది. “మీ లేబుళ్లతో సార్. ఒడ్డున కనపడకూడదని పీకించినవి.”

మేనేజరు చెయ్యి చేప మెడ మీద అలాగే ఉంది. వెంటనే తీస్తే బాగుండదని తెలిసినట్టు నెమ్మదిగా తీశాడు. ఒక ఫోటోగ్రాఫరు లేబులు దగ్గరికి వంగాడు. హెడ్మాస్టరు టీచరు మోచేతి దగ్గరికి వచ్చి మైకు ఆమె చేతిలో కుక్కాడు. “మీరేదో ఒకటి చెప్పండి. దుకాణాల్లో అడిగి తెచ్చామని చెప్పండి. పిల్ల సరదాకి అందని చెప్పండి. దయచేసి.”

ఆయన చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆమెకి ఆయన మీద జాలి వేసింది. ఎదురుగా నారింజ టోపీల వరసలు. అందులో టోపీ లేని తల ఒక్కటే, పీతది. ఆ రోజు తరగతిలో చూసినట్టే చూస్తోంది ఆమె వైపు.

“పిల్లలూ,” అంది టీచరు. మైకు కీచుమంది. కాస్త దూరం పట్టుకుంది. “ఒడ్డున ఏదైనా దొరికితే మనం మొదట ఏం అడుగుతాం?”

ముందు వరసల పిల్లలు హెడ్మాస్టరు వైపు చూశారు. తర్వాత వెనక వరసల్లోంచి సన్నగా వచ్చింది. “ఏమిటిది?”

“వినపడలేదు.”

“ఏమిటిది?”

“తర్వాత?”

“ఎక్కడ దొరికింది?”

ఆమె మైకు దించేసింది. దాని అవసరం లేదు. “తర్వాత?”

“ఎవరిది?”

ఆ అరుపు ఒడ్డంతా పరుచుకుంది. అడ్డం కట్టిన గుడ్డ అవతల కాకులు లేచాయి. ప్యూను కూడా అరిచాడు, తర్వాత నాలిక కరుచుకున్నాడు.

మేనేజరు తేరుకున్నాడు. “మేడమ్,” అన్నాడు, మెత్తగానే. “మేం తయారుచేసి అమ్ముతాం. తాగి ఒడ్డున పడేసేది మేం కాదు కదా.”

“నిజమే సార్. పడేసినవాళ్లనీ అడుగుతాం. వాళ్లు ఈ ఊళ్లోవాళ్లే, రోజూ కనపడతారు. మీరు ఇవాళే దొరికారు.”

ఎవరో ఫక్కున నవ్వారు. మేనేజరు ఇంకేదో అనబోయి, చేతిగడియారం చూసుకుని, హెడ్మాస్టరు వైపు తలాడించి, కారు దగ్గరికి నడిచాడు. అతని వెనకే వచ్చిన మనుషులు టోపీలు వెనక్కి తీసుకోవాలా వద్దా అని కాసేపు గుసగుసలాడుకుని వదిలేసి వెళ్లారు. పునాదిరాయిని మాత్రం వాన్లో ఎక్కించుకున్నారు.

*

ఆదివారం రాత్రి తెల్లవార్లూ వాన. సోమవారం ఉదయం టీచరు తొందరగా బడికి వెళ్లింది. తన టీ కప్పు, గొడుగు, రెండు పుస్తకాలు తీసుకుందామనుకుంది. చెప్పించుకుని తీసుకోవడం కంటే అదే మర్యాద అనిపించింది. భర్త గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అత్తగారు మాత్రం, కప్పు తెస్తే తెచ్చావుగానీ ఆ గిన్నెల మధ్య ఎక్కడ పెడతావు, అక్కడే ఉండనీ, అంది.

లాబ్ తలుపు తీసే ఉంది. లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడు.

హెడ్మాస్టరు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు విడిచి, చేపని తలవైపు పట్టుకుని గోడ పక్కకి లాగుతున్నాడు. శుక్రవారం దాన్ని తెచ్చి సరిగ్గా చిల్లు కింద పడేశారు. రేకుల నుంచి నీళ్లు ఇప్పుడు ఖాళీ నేల మీద టప్ టప్‌మని పడుతున్నాయి.

ఆమెని చూసి ఆగాడు. “నిలబడి చూస్తారేం? తోక పట్టండి. ఇంకా తడిస్తే ఊడిపోతాయివి.”

ఆమె సంచీ కింద పెట్టి తోక పట్టుకుంది. ఇద్దరూ కలిసి పొడిచోటుకి జరిపారు. ఆయన ఆయాసపడుతూ నడుం పట్టుకున్నాడు.

“లాబ్ పోయింది,” అన్నాడు.

“తెలుసు సార్.”

“కంపెనీవాళ్లు పొద్దున్నే ఫోన్ చేశారు. కమిటీ ఈ నెలాఖర్న కూర్చుంటుంది. ఏమంటారో మీకూ తెలుసు.”

“తెలుసు,” అంది ఆమె, బల్ల మీది తన కప్పు తీసి సంచీలో వేసుకుంటూ.

“నా మాట వినరని కూడా తెలుసు. అయినా చెబుతాను. గట్టిగానే చెబుతాను. వినకపోతే...” ఆయన మూలకి నడిచాడు. బకెట్ తెచ్చి చిల్లు కింద సరిగ్గా అమర్చాడు. చప్పుడు మారింది. ఆయన కాసేపు దాన్నే వింటూ నిలబడ్డాడు. “నెలాఖరుదాకా మీరే కదా సైన్సు టీచరు?”

“నెలాఖరుదాకా నేనే.”

గంట కొట్టారు. తొమ్మిదో తరగతి తడి గొడుగులతో, తోసుకుంటూ లోపలికొచ్చి, హెడ్మాస్టరుని చూసి ఆగిపోయింది. ఆయన వెళ్లబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఇసుక అంటిన నారింజ మూత ఒకటి తీశాడు.

“నిన్న సాయంత్రం ఒడ్డు మీద వాకింగ్‌కి వెళితే దొరికింది.” ఎవరికివ్వాలో తెలియక, చివరికి పీత ముందు చెయ్యి చాపాడు. “ఇదెందులో వెయ్యాలమ్మా?”

పీత మూత తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. మొదటి సీసా నిండుగా ఉంది. రెండోదీ నిండుగా ఉంది. మూడోదాని మూత తీసి, మెడదాకా ఉన్నవాటిని వేలితో నొక్కి చూసింది. పట్టదు.

“ఇంకో సీసా కావాలి సార్.”

హెడ్మాస్టరు అటూ ఇటూ చూశాడు. అలమర మీద దుమ్ముకొట్టుకుపోయిన ఖాళీ సీసా ఒకటి ఉంటే అందుకుని, తన చేతిరుమాలుతో లోపలా బయటా తుడిచి, వరసలో నాలుగోదిగా పెట్టాడు.

పీత చెయ్యి ఎత్తి మూత వదిలింది. ఖాళీ గాజు అడుగున అది టంగుమని మోగింది.

టీచరు సంచీలోంచి కప్పు తీసి, మళ్లీ బల్ల మీద పెట్టింది.